మగది పక్కన లేకుండానే మళ్లీ పిల్లలా?

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజుకి రెండు తెల్ల ఎలుకలు కొన్నాం. రెండూ ఆడవే అని షాపులో చెప్పారు. రెండు నెలలకి ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకటి తొమ్మిది పిల్లల్ని పెట్టింది. రెండోది మగదని అప్పుడు తెలిసింది. సోమవారం పొద్దున్నే దాన్ని వేరే బోనులోకి మార్చాం, మళ్లీ కలపలేదు. అయినా సరిగ్గా 28 రోజులకి, అంటే నిన్న, ఇంకో ఏడు పుట్టాయి! బల్లుల్లా వీర్యం లోపల దాచుకుంటుందేమో అని మా మరిది అంటున్నాడు. నిజమేనా? ఇంకో భయం: మగదానికి ఒక్కోసారి వృషణాలు కనిపించడం లేదు. జబ్బా?
– ఒక తల్లి, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ మరిది ఊహ ఎలుక విషయంలో కుదరదు. దాని వీర్యకణాలు ఆడదాని ఒంట్లో గట్టిగా ఒక్క రోజు కూడా నిలవవు. జరిగిందంతా ఆ ఆదివారం రాత్రే జరిగింది.

ఆడ ఎలుక కాన్పయిన 24 గంటల్లోపే మళ్లీ ఎదకొస్తుంది. ఒకపక్క పసికూనలు పాలు తాగుతుంటే, ఇంకోపక్క మగదాన్ని దగ్గరికి రానిస్తుంది. మీరు సోమవారం లేచేసరికే చూలు నిలిచింది.

ఎలుక మోసేది మామూలుగా 21 నుంచి 23 రోజులు. మరి 28 ఎందుకయ్యాయి? విశాఖలోనే ఒక కాలేజీ ఎనిమల్ హౌస్‌లో 26 ఏళ్లు ఎలుకల్ని పెంచాను, ఈ ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఫలించిన అండాలు నాలుగైదు రోజులకి గర్భసంచి గోడకి అతుక్కోవాలి. అందుకు ఈస్ట్రోజెన్ హార్మోన్ కాస్త పెరగాలి. తొమ్మిది నోళ్లు పాలు లాగుతుంటే ఆ పెరగడం ఆగిపోతుంది. అప్పుడు పిండాలు చిన్న బుడగల్లా లోపలే తేలుతూ, ఎదగకుండా ఉండిపోతాయి. చావవు, పోవు, ఆగుతాయంతే. పాలు తాగే పిల్లలు ఎంత ఎక్కువుంటే ఆలస్యం అంత ఎక్కువ. మీ ఎలుకకి ఐదారు రోజులు అలా గడిచాయి.

తరవాత అతుక్కుని పెరిగాయి. ఎలుక గర్భసంచి మన సంచిలా ఒక్కటి కాదు, రెండు పొడుగాటి గొట్టాలు. దేని ముఖద్వారం దానిదే. రెండూ ఒకే యోనిలోకి తెరుచుకుంటాయి. నిండు చూలప్పుడు పిల్లలు వాటిలో చిక్కుడుకాయలో గింజల్లా వరసగా ఉంటాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఇదే జరిగింది. కాన్పయిన మర్నాడు మగదాన్ని తీసేసి, తల్లికి చూలు లేదని రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాను. నాలుగు వారాలకి పిల్లలు పుట్టాయి. ఆ ఎలుక మీద మందు పరీక్షిస్తున్న విద్యార్థిని లెక్కలన్నీ మళ్లీ మొదటికొచ్చాయి. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. అప్పట్నుంచి స్లయిడ్ చూడకుండా ఒక్క ముక్క రాయలేదు. సన్నని డ్రాపర్‌తో యోనిలోకి ఉప్పునీటి చుక్క వదిలి, వెనక్కి లాగి, గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూస్తాం. ఎదలో ఉంటే అటుకులు చల్లినట్టు పలచని కణాలు కనిపిస్తాయి. ఎద లేని రోజుల్లో గసగసాల్లా తెల్లకణాలు. నాలుగైదు రోజులకోసారి ఇదే వరస తిరిగొస్తుంది, మనలా నెలసరి మాత్రం ఉండదు. అమెరికాలో లాంగ్, ఎవాన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1922లోనే దీన్ని వివరంగా రాసి పెట్టారు. ఇంట్లో మీరు ఈ పని చెయ్యకండి, లోపల గాయమవుతుంది.

మీరు తొందరపడాల్సింది వేరే ఉంది. మొదటి తొమ్మిదికి నాలుగు వారాలు నిండాయి. ఐదారు వారాలకే అవి ఈడుకొస్తాయి. తల్లి, తోబుట్టువు అన్న తేడా వాటికి ఉండదు. మగవాటిని ఇవాళే వేరు చెయ్యండి. తోక మొదలు దగ్గర రెండు వేళ్లతో మెల్లగా ఎత్తి ట్యూబ్‌లైట్ కింద చూడండి. మూత్రం వచ్చే బుడిపెకీ మలద్వారానికీ మధ్య ఎడం మగదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఒక్కదాన్నే చూస్తే తేలదు, రెండిటిని పక్కపక్కన పెట్టి పోల్చండి. అనుమానంగా ఉంటే బొచ్చు పక్కకి తీసి పొట్ట చూడండి. ఆడదానికి ఆరు జతల చనుమొనలుంటాయి, మగ ఎలుకకి అసలుండవు. షాపులో ఆ రెండు నిమిషాలు చూసి ఉంటే మీకీ టెన్షన్ తప్పేది.

తల్లి బాగా నీరసించి ఉంటుంది. రోజూ తినే మేతతో పాటు కొంచెం ఉడికించిన గుడ్డు పెట్టండి. నీళ్ల సీసా ఖాళీ అవకుండా చూడండి.

ఇక మగదాని సంగతి. అది జబ్బు కాదు. ఎలుకకి గజ్జల్లోని దారి జీవితాంతం తెరిచే ఉంటుంది. బెదిరినా చలేసినా వృషణాల్ని పొట్టలోకి లాగేసుకుంటుంది. వీర్యం తయారవ్వాలంటే ఒంటికన్నా చల్లగా ఉండాలి కాబట్టి మిగతా వేళల్లో కిందికి దించుతుంది. మన మే నెల ఉక్కలో అయితే బాగా జారి వేలాడతాయి. చేత్తో పట్టుకుంటే బెదురుతుంది, అందుకే పగలు నిద్రపోతున్నప్పుడు చూడండి. రెండూ కనిపిస్తే బెంగ అక్కర్లేదు. ఒకవైపు ఎప్పుడూ కనిపించకపోయినా, గట్టిగా వాచినట్టున్నా పశువుల డాక్టరుకి చూపించండి.