మొదటి బొగ్గుల ఇస్త్రీపెట్టె కొన్న మేనకోడలికి

తెనాలి

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి మీ అత్తయ్యా నేనూ కూర్చుని చూశాం. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో ఇత్తడి బొగ్గుల పెట్టె కొన్నానని, ఇలాంటివి ఇంకా పోగు చేయాలని ఉందని, ఏం చూసి కొనాలో చెప్పమని రాశావు. చాలా సంతోషం వేసింది తల్లీ. ముప్పై ఏళ్లు కుట్టుమిషను ముందు కూర్చున్నవాణ్ని. అందులో సగం కాలం నా కుడిచేతికి ఈ పెట్టే తోడు. ఇప్పుడు మన వెనక గదిలో నలభై ఒక్క పెట్టెలున్నాయి. వాటి గురించి ఇంట్లోవాళ్లలో ఇన్నాళ్లకు అడిగింది నువ్వే.

ఆరు ఫొటోలు పంపావు గానీ ఒక్కదాంట్లోనూ అడుగు కనపడలేదు. పెట్టెను ముందు తిరగేసి చూడాలి. నిజంగా పనిచేసిన పెట్టె అడుగు అద్దంలా ఉండదు, అలాగని గరుకుగానూ ఉండదు. పొడవునా సన్నటి గీతలు ఉంటాయి. ముందు కొన, అంచులు అరిగి గుండ్రబడి ఉంటాయి. కుట్ల మీద, చొక్కా కాలరు మీద, గుండీల మధ్యన తిరిగేది ఆ కొనే కదా. కొన సూదిగా ఉండి, అంచుల మీద ఆకురాయి గీతలు అడ్డదిడ్డంగా కనపడితే, అది బట్ట ముఖం చూడని పెట్టె. షోకేసుల కోసం కొత్తగా పోత పోసి, మందు పూసి నల్లబరిచి పాతదని అమ్మేవి ఇప్పుడు చాలా ఉన్నాయి.

తర్వాత పిడి పట్టుకో. కళ్లు మూసుకుని పట్టుకున్నా ఫరవాలేదు. ఏళ్ల తరబడి ఒకే చెయ్యి పట్టిన కొయ్యలో బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం పడుతుంది. పిడి కింది వైపు మూత వేడికి కమిలి నల్లగా ఉంటుంది, పైభాగం చెమటకు, నూనెకు నునుపెక్కి ఉంటుంది. పిడి మారిస్తే పెట్టె విలువ పోతుందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. పిడి కాలిపోతే వడ్రంగి చేత ఇంకోటి చేయించుకుని పనిలో పడేవాళ్లం. అలా మార్చిన పిడి కూడా పెట్టె బతుకులో భాగమే. మెరుస్తున్న వార్నీషు, ప్లస్ గాడి ఉన్న స్క్రూలు కనపడితే మాత్రం ఆగి ఆలోచించు. ఆ స్క్రూలు 1930ల నడుమ గానీ బజారులోకి రాలేదు. మధ్యలో ఎవరో రిపేరు చేసి ఉండొచ్చు, మొన్ననే తయారై ఉండొచ్చు. మిగతా గుర్తులతో కలిపి చూడాలి.

మూత తెరిచి లోపల చూడు. బొగ్గు నేరుగా అడుగు మీద కూర్చోకుండా కింద ఇనుప జల్లెడ ఉండాలి. పక్కల ఉన్న కంతల్లోంచి గాలి దాని కిందికి వెళ్తేనే నిప్పు రాజుకుంటుంది, బూడిద కిందికి జారుతుంది. చాలా పెట్టెల్లో ఈ జల్లెడ తుప్పు పట్టి రాలిపోయి ఉంటుంది. అది లేదని పెట్టెను వదులుకోకు గానీ, బేరంలో మాత్రం ఆ మాట అను. మూత సరిగ్గా మూసుకుంటుందా, మడతబందు కదులుతోందా, గొళ్లెం పడుతోందా చూడు. మూత వదులైతే పెట్టె ఊపినప్పుడు నిప్పురవ్వ ఎగిరి బట్ట మీద పడుతుంది. పెళ్లి పట్టుచీర మీద పడిన రవ్వకు ఒక నెల కూలి పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే మంచి పనివాడి పెట్టె గొళ్లెం ఎప్పుడూ బిగువుగా ఉంటుంది. సంచిలో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లు. ఇత్తడికి అది అంటుకోదు. అంటుకుందంటే ఇనుము మీద ఇత్తడి పూత.

ఇత్తడే ఎందుకని అడిగావు. బట్ట మీద నీళ్లు చిలకరించి తోస్తాం కదా, బీడు, అంటే పోత ఇనుము, అడుక్కి ఏ కాస్త తుప్పున్నా తెల్లపంచె మీద మరక పడుతుంది. ఇత్తడికి తుప్పు పట్టదు, వేడి కూడా అడుగంతా త్వరగా పాకుతుంది. బీడుపెట్టె చవక, గట్టిది. ఇత్తడివాటిలో వీధి ఇస్త్రీబండి మీద వాడేవి అయిదు నుంచి ఎనిమిది కిలోల దాకా తూగుతాయి. బరువే సగం పని చేస్తుంది, చెయ్యి అదమక్కర్లేదు. బీడుపెట్టెలు అందంగా ఉండవని వదిలేయకు. నా మొదటి పెట్టె బీడుదే.

నిజాం కాలం నాటిది, నూటయాభై ఏళ్లది అని అమ్మేవాడు చెబితే తల ఊపి ఊరుకో. కరెంటు ఇస్త్రీపెట్టెకు న్యూయార్కులో హెన్రీ సీలీ 1882లోనే పేటెంటు తీసుకున్నాడు. మన వీధుల్లో మాత్రం బొగ్గుల పెట్టె ఆ తర్వాత నూరేళ్లు దాటినా నడిచింది. కాబట్టి బొగ్గుదైనంత మాత్రాన పాతదని కాదు. నువ్వు కొన్నది మీ అమ్మ పెళ్లినాటికి కొత్తదై ఉండొచ్చు. అయినా దాని విలువ నా దృష్టిలో తగ్గదు.

ఎక్కడ వెతకాలంటే, ముందు చుట్టాల అటకల మీద. తర్వాత ఇత్తడి సామాన్ల కొట్లు. పాత ఇత్తడి ఇచ్చి కొత్త బిందె తీసుకునే చోట ఈ పెట్టెలు కాటా ఎక్కి, అక్కడి నుంచి కరిగించడానికి పోతాయి. నావాటిలో సగం అలాంటి గోనెసంచుల్లోంచి తీసినవే. కొట్టు యజమానితో నెమ్మదిగా పరిచయం పెంచుకుని, ఇస్త్రీపెట్టె వస్తే పక్కన పెట్టమని అడుగు. తూకం ధర మీద కొంత ఎక్కువిస్తే సంతోషంగా ఉంచుతారు. కొంచెం తిరగగలిగితే తమిళనాడు కారైకుడిలో మునీశ్వరన్ కోవిల వీధి చూడాలి. చెట్టినాడు ఇళ్ల సామాను అక్కడికి వస్తుంది. ముంబయి చోర్‌బజారులో మటన్ స్ట్రీట్ ఉంది గానీ, కొత్తవాటిని పాతవని నమ్మించడంలో అక్కడివాళ్లు చేయి తిరిగినవాళ్లు. కనీసం యాభై పెట్టెలు చేత్తో పట్టుకున్నాక వెళ్లు.

ఇంటర్నెట్‌లో మూత ముందర కోడిపుంజు బొమ్మ ఉన్న పెట్టెలు నీకు ఎదురవుతాయి. పుంజు మెడ పట్టుకుని తిప్పితే గొళ్లెం ఊడుతుంది. ఇండోనేషియాలో ఇవి ఇంటింటా ఉండేవి. చూడముచ్చటగా ఉంటాయి కాబట్టి నకళ్లూ ఎక్కువే. న్యూజెర్సీలో ఉన్న మీ అన్నయ్యను అక్కడి పాతసామాన్ల సంతల్లో పొగగొట్టం ఉన్న పెట్టె కోసం చూడమను. నెవార్క్‌లో బ్లెస్ అండ్ డ్రేక్ అనే కంపెనీ ఒకప్పుడు ఇస్త్రీపెట్టెలు చేసేది. మూత మీద 1852 అని పోతలోనే ఉంటే, అది పేటెంటు తీసుకున్న ఏడాది. పెట్టె తయారైంది ఆ తర్వాత ఎన్నేళ్లకైనా కావచ్చు.

ఇక్కణ్ణుంచి వాడికి పంపాలనుకుంటే మాత్రం జాగ్రత్త. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, చారిత్రక విలువ ఉండి నూరేళ్లు నిండిన వస్తువును మనలాంటివాళ్లు దేశం దాటించకూడదు. అంత పాతది కాదని భారత పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని పంపితే ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఉండదు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. ఎవరైనా ఇంకా కూడు తింటున్న పెట్టెను కొనకు.

చాలా ఏళ్ల కిందట గుంటూరులో ఒక బండి మీద పెట్టె చూశాను. బరువైన ఇత్తడి, పిడి నిలబెట్టే స్తంభాలు మెలితిప్పినట్టు పోసి ఉన్నాయి. అలాంటిది అంతకుముందు చూడలేదు. ఆయన అమ్మనన్నాడు. రెండోసారి, మూడోసారి వెళ్లాను. మూడోసారికి కూతురి కాలేజీ ఫీజు దగ్గరపడింది, ఇచ్చేశాడు. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చానని గర్వంగా ఇంటికి తెచ్చుకున్నాను. ఇరవై రోజుల తర్వాత అటు వెళ్తే, ఆయన రోజుకింత అని అద్దె కట్టి ఎవరిదో తేలికపాటి పెట్టె తెచ్చుకుని, దాన్ని రెండు చేతులా అదుముతూ తోస్తున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పెట్టె తీసుకెళ్లి బండి మీద పెట్టాను. డబ్బు వద్దన్నాను. ఆయన ఊరికే తీసుకోనన్నాడు. దుకాణంలో కుట్టిన బట్టలన్నీ నెలకోసారి ఆయన దగ్గరికి పంపితే, ఆ లెక్క తీరేదాకా చలువమడతలు చేసి ఇచ్చాడు. తర్వాత గ్యాసు పెట్టె కొనుక్కున్నప్పుడు, ఆ పాతదాన్ని ఆయనే బస్సెక్కి తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్ల నాన్న దాన్ని ఎలా సంపాదించాడో, తుమ్మబొగ్గుకీ కొబ్బరిచిప్పల బొగ్గుకీ తేడా ఏమిటో, ఏ బట్టకు ఎంత వేడో సాయంత్రందాకా చెప్పాడు. ఆ మాటలు రాసుకున్నాను. నా దగ్గరున్న నలభై ఒకటిలో నేను చివరిదాకా ఉంచుకునేది అదే.

ఇప్పుడు బండ్లన్నీ గ్యాసుకో కరెంటుకో మారుతున్నాయి. తిరువణ్ణామలైలో వినీషా ఉమాశంకర్ అనే స్కూలు అమ్మాయి సౌరశక్తితో నడిచే ఇస్త్రీబండి రూపొందించి 2021లో పర్యావరణానికి మేలు చేసే పనులకిచ్చే ఎర్త్‌షాట్ బహుమతి తుది జాబితాదాకా వెళ్లింది. రోజంతా నిప్పు పక్కన నిలబడి పొగ పీల్చే పని తగ్గితే మంచిదే. పని మానేసిన పెట్టెలు మనకు వస్తాయి. వాటిని వాడిన చేతులు ఇంకా ఉన్నాయి, అడుగు. పెట్టె కొనే ముందే ఫోన్లో మాట రికార్డు చేసుకో. ఎవరిది, ఏ ఊరు, ఎన్నాళ్లు వాడారు, ఎందుకు మానేశారు. ఒక నోటుబుక్కులో బరువు, పొడవు, లోహం, గుర్తులు రాసి, పిడికి దారంతో చీటీ కట్టు. స్టిక్కరు అంటించకు, జిగురు మరక పోదు.

శుభ్రం చేయడం గురించి. తెచ్చిన రోజే చింతపండు పెట్టి తోమాలని చెయ్యి లాగుతుంది, వద్దు. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. పులుపు ఎక్కువసేపు నానితే జింకు పోయి ఎర్రటి రాగి మచ్చలు తేలతాయి. ముందు ఫొటో తియ్యి. తర్వాత లోపలి పాత బూడిదంతా పొడి కుంచెతో దులుపు. బూడిద తేమను పీల్చి లోహాన్ని తినేస్తుంది. పైన మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేయి. బీడుపెట్టె తుప్పుకు కిరసనాయిలులో తడిపిన గుడ్డ, తర్వాత పలచగా మిషను నూనె. ఎండిన పిడికి రెండు చుక్కల అవిసె నూనె. మందు పోసి, బఫింగ్ మిషను పట్టి బంగారంలా చేసిస్తామనేవాళ్లకు మాత్రం ఇవ్వకు. అడుగు మీది గీతలన్నీ పోతాయి, ఆ తర్వాత దాన్ని చదవడానికి ఏమీ మిగలదు.

ఒకసారైనా నిప్పులు వేసి చూడాలని నీకు అనిపిస్తుంది. వెయ్యి, కానీ ఆరుబయటే. మూసిన గదిలో బొగ్గు వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. మీ అపార్టుమెంటు బాల్కనీలో కూడా వద్దు. సంక్రాంతికి ఎలాగూ వస్తున్నావు కదా, పెట్టె తెచ్చుకో, మన పెరట్లో వెలిగిద్దాం. పాత జల్లెడలు నా దగ్గర నాలుగైదు ఉన్నాయి, నీదానికి ఏదో ఒకటి సరిపోతుంది. అప్పటిదాకా దాన్ని తోమకు. అడుగు ఫొటో మాత్రం ఈ రోజే, పగటి వెలుతురులో పక్కనుంచి తీసి పంపు.

ఉంటాను,
మీ మావయ్య