ఎమ్మెస్‌కు వెళ్తున్నారా? ముందు క్రెడిట్లు లెక్కపెట్టుకోండి

ఈ వేసవిలో గుంటూరు వచ్చినప్పుడు బ్రాడీపేటలో మా పక్కింటి కుర్రాడు ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) తెచ్చి చూపించాడు. మెకానికల్‌లో ఎమ్మెస్, ఆగస్టులో అమెరికా ప్రయాణం. వాడి సందేహాలన్నీ సూట్‌కేసు బరువు, రూము, పచ్చళ్ళ ప్యాకింగ్ గురించే. "డిగ్రీ చేతికి రావాలంటే ఎన్ని క్రెడిట్లు చెయ్యాలిరా?" అని అడిగితే "వెళ్ళాక సీనియర్లు చెప్తారులే అన్నా" అన్నాడు. నేనూ అలా అనుకుని వెళ్ళినవాణ్ణే, అందుకే ఇది రాస్తున్నాను.

అక్కడ ఇంజనీరింగ్ ఎమ్మెస్ ఎక్కువ చోట్ల 30 నుంచి 36 క్రెడిట్లు ఉంటుంది. కోర్సుకు 3 చొప్పున పది, పన్నెండు కోర్సులు. ఏ పది అన్నదే అసలు సంగతి. కొన్ని కోర్ కోర్సులు తప్పనిసరి, వేరే డిపార్ట్‌మెంట్‌వి ఇన్నే తీసుకోవాలి, బీటెక్ స్థాయివి ఇన్నే లెక్కలోకి వస్తాయి అని పరిమితులుంటాయి. ఇదంతా మీ డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, విమానం ఎక్కేలోపే చదవండి. మీరు చేరే ఏడాదిదే చూడండి, రెండేళ్ళ ముందు చేరిన సీనియర్ రూల్స్ మీకు వర్తించకపోవచ్చు.

నేను సీనియర్ మాట విని వేరే డిపార్ట్‌మెంట్‌లో ఒక సులువైన కోర్సు తీసుకున్నాను. 'ఏ' గ్రేడే వచ్చింది, సంతోషించాను. చివరి సెమిస్టర్‌లో డిగ్రీకి దరఖాస్తు పెట్టాక, అది నీ ప్లాన్ ఆఫ్ స్టడీలో (డిగ్రీకి లెక్కపెట్టే కోర్సుల జాబితాలో) లేదు, లెక్కలోకి రాదు అన్నారు. 27 దగ్గర ఆగిపోయాను. ఆ 3 క్రెడిట్ల కోసం ఇంకో సెమిస్టర్ ఫీజు, అద్దె, నాన్న తీసుకున్న లోను మీద వడ్డీ. "ఇంకా అవ్వలేదా నాన్నా?" అని అమ్మ ఫోన్‌లో అడిగిన రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. కోర్సు రిజిస్టర్ చేసే ముందే ఇది లెక్కలోకి వస్తుందా అని అడ్వైజర్‌ని మెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి.

తర్వాత జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు (ఏకి 4, బీకి 3, సీకి 2). సాధారణంగా 3.0 కంటే తగ్గకూడదు, అంటే సగటున బీ. మొదటి సెమిస్టర్‌లో రెండు బీలు, ఒక సీ వస్తే 2.67, చాలా చోట్ల వెంటనే ప్రొబేషన్‌లో, అంటే మార్కులు మెరుగుపడాలన్న హెచ్చరిక కింద పెడతారు. మళ్ళీ 3.0కి రావాలంటే తర్వాతి మూడు కోర్సుల్లో ఒక ఏ, రెండు బీలైనా తెచ్చుకోవాలి. మన దగ్గరలా సప్లీ రాసి గట్టెక్కడం ఉండదు, కోర్సు పోతే మళ్ళీ ఫీజు కట్టి మొదటినుంచి చదవాల్సిందే. హోంవర్క్ కాపీ కొట్టే అలవాటుంటే దయచేసి ఇక్కడే వదిలేసి వెళ్ళండి, అక్కడ దానికి కోర్సులో ఫెయిల్ చేస్తారు, సస్పెన్షన్ దాకా కూడా వెళ్తుంది.

థీసిస్ రాయాలా, కోర్సులతో ముగించాలా? పీహెచ్‌డీ ఆలోచనుంటే థీసిస్, ఉద్యోగమే కావాలంటే కోర్సులు చాలు.

వీసా సంగతి మాత్రం మర్చిపోకండి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఫుల్‌టైమ్‌గా చదవాలి, అంటే చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు, అందులో ఆన్‌లైన్ కోర్సులు ఎన్నున్నా ఒక్కదాన్నే లెక్కిస్తారు. టెన్షన్‌లో ఏ కోర్సూ డ్రాప్ చెయ్యకండి, ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. ఓపీటీకి (చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతికి) చదువు పూర్తయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు, కాబట్టి ఆ తేదీ మీ చేతిలో ఉండాలి.

ఆ కుర్రాడి హ్యాండ్‌బుక్‌ని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, మా వరండాలో కూర్చుని ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సో పెన్సిల్‌తో రాశాం. రెండు గంటలు పట్టింది. ఒక కోర్ కోర్సు ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో) తప్ప చెప్పరట, తప్పితే ఏడాది ఆగాలి. దాన్ని మొదటి సెమిస్టర్‌లోనే పెట్టాం.