జెనీవా ఈమెయిలు, జిల్లా పేజీ హెడ్డింగు

ప్రశ్న: అయ్యా, మాది బరంపురం. తాతగారి నాటి నుంచి పట్టుచీరల వ్యాపారం. మా ఇంటిపేరుతో 2012లో డాట్ కామ్ సైటు పెట్టుకున్నాం. అదే పేరున్న ఒక పెద్ద బట్టల కంపెనీ ఇప్పుడు ఆ సైటు పేరు (డొమైన్) తమదంటూ జెనీవాలో ఫిర్యాదు చేసిందని అక్కడి నుంచి ఈమెయిలు వచ్చింది. పోయిన ఆదివారం ఒక తెలుగు దినపత్రిక జిల్లా పేజీలో ‘నకిలీ వెబ్‌సైట్‌పై అంతర్జాతీయ కోర్టు కొరడా, సైటు సీజ్, లక్షల్లో జరిమానా’ అని మా షాపు ఫోటోతో వేశారు. ఇచ్ఛాపురంలో మా మావయ్య అది కత్తిరించి వాట్సాప్‌లో పంపారు. రెండు పెళ్లి ఆర్డర్లు వెనక్కి పోయాయి. ఒకటే టెన్షన్. మేం నిజంగా అంత తప్పు చేశామా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: బాబూ, మీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేశాను. ఎందుకంటే ఈ వ్యవహారంలో జవాబు ఇవ్వడానికి గడువు 20 రోజులే. పత్రిక అచ్చయ్యి బరంపురం చేరేసరికి అది దాటిపోతుంది. ఫోన్లో చెప్పిందే ఇక్కడ మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. 2000 జూలైలో నేను ఒక పత్రిక డెస్కులో నైట్ డ్యూటీలో ఉన్నాను. బ్రిటిష్ గాయకుడు స్టింగ్ తన పేరుతో ఉన్న డాట్ కామ్ కోసం ఇదే జెనీవాలో వేసిన ఫిర్యాదు వీగిపోయింది. ‘స్టింగ్’ మామూలు ఇంగ్లీషు మాట కూడా, అవతలివాడు దురుద్దేశంతో తీసుకున్నట్టు రుజువు కాలేదు అన్నారు. వార్తా ఏజెన్సీ పంపిన కాపీలో ‘ప్యానెల్’ అని ఉంది. నాకున్నది సింగిల్ కాలమ్ జాగా. ప్యానెల్ అంటే ఎవరికి అర్థమవుతుందిలే అని ‘ఐరాస కోర్టులో గాయకుడికి చుక్కెదురు’ అని కొట్టేశాను. మర్నాడు మా న్యూస్ ఎడిటర్ ‘కోర్టు’ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, ఆ పేజీ నా బల్ల మీద పెట్టారు. ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

మీ విషయంలోనూ అదే మాట కొంప ముంచింది. జెనీవాలో ఉన్న ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) ఐక్యరాజ్యసమితి కుటుంబంలోదే, కానీ ఇలాంటి ఫిర్యాదుల్లో అది కోర్టు కాదు. కాగితాలు తీసుకుని నిపుణుల్లో ఒకరినో ముగ్గురినో ప్యానెల్‌గా వేస్తుంది. తేల్చేది వాళ్లు. దీనికి ఆధారం ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ అనే సంస్థ 1999లో పెట్టిన విధానం. డొమైన్ కొనేటప్పుడు చదవకుండా టిక్కు కొట్టిన షరతుల్లో మీరూ దానికి ఒప్పుకున్నారు. ఆ ప్యానెల్ చేతిలో ఉన్నవి రెండే: పేరు అవతలివాళ్లకు బదిలీ చేయించడం, లేదా రద్దు చేయించడం. జరిమానా వేసే అధికారమే లేదు. ఆ ‘లక్షలు’ విలేకరికి ఎక్కడ దొరికాయో కానీ, ఫిర్యాదుకు ఫీజు ఉంటుంది, ఒక్కరే ప్యానెలిస్టు అయితే వైపో దగ్గర 1,500 డాలర్లు, అదీ ఫిర్యాదు చేసినవాళ్లే కట్టుకోవాలి. బహుశా దాన్నే మీ నెత్తిన రుద్దారు.

‘సైటు సీజ్’ అన్నదీ ఇలాంటిదే. ఫిర్యాదు రాగానే రిజిస్ట్రార్, అంటే మీకు పేరు అమ్మిన కంపెనీవాడు, డొమైన్‌ను లాక్ చేస్తాడు. మీరు దాన్ని ఎవరికీ అమ్మలేరు, మార్చలేరు, అంతే. నేను ఫోన్ పెట్టేశాక మీ సైటు తెరిచి చూశాను. ఫొడా కుంభ అంచు చీర ఫోటో, దాని కింద మీ నాన్నగారి ఫోన్ నంబరు, చక్కగా కనిపిస్తున్నాయి.

అసలు సంగతి మీ ఇంటిపేరు. గెలవాలంటే కంపెనీ మూడూ చూపించాలి: పేరు వాళ్ల ట్రేడ్‌మార్కును పోలి ఉంది, మీకు ఆ పేరు మీద హక్కు గానీ న్యాయమైన అవసరం గానీ లేదు, మీరు దురుద్దేశంతోనే తీసుకుని వాడుతున్నారు. ఒక్కటి తప్పినా ఫిర్యాదు నిలవదు. తాతగారి నాటి బిల్లు పుస్తకం, పాత ట్రేడ్ లైసెన్సు, 2012 నాటి రసీదు మీ జవాబుకు జత చేయమన్నది అందుకే. ఒడియాలో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం పెట్టండి. ఒకవేళ ఓడినా, పది పనిదినాల్లోగా కోర్టుకెళితే బదిలీ ఆగుతుంది. ఏ ఊరి కోర్టో మీ దగ్గరి వకీలును ఇప్పుడే అడిగి ఉంచుకోండి.

ఇక పేపరు. ‘మోసగాళ్లని రాశారు’ అని దెబ్బలాటకు వెళ్లొద్దు. ఎడిటర్ పేరున ఉత్తరం రాసి, కోర్టు, సీజ్, జరిమానా అన్న మూడు మాటలు చూపించండి. వాటి పక్కన జెనీవా ఈమెయిల్లో ఉన్నది పెట్టండి. సవరణ వేయకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. దినపత్రికలైతే వార్త వచ్చిన రెండు నెలల్లోగా పంపాలి, ముందు ఎడిటర్‌కు రాసిన కాపీ జతచేయాలి. సవరణ పడితే ముందు దాన్ని కత్తిరించి మావయ్యగారికి పంపండి. ఇచ్ఛాపురం అంతా ఆయనే తిప్పుతారు.

ప్రశ్న: మాది డాట్ ఇన్ అయితే?
– గుణుపురం నుంచి మరొకరు

జవాబు: అప్పుడు జెనీవాతో పని లేదు. డాట్ ఇన్ చూసేది నిక్సీ అనే మన దేశపు సంస్థ, తగువు తీర్చేది ఒక ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి). జరిమానా ఇక్కడా లేదు, ఖర్చులు మాత్రం కట్టమనే వీలుంది.