నాది ఆర్‌సీఎం, మావారిది ఎంబీ చర్చి: బాబు జ్ఞానస్నానానికి ముందు ఎవరిని కలవాలి?

చెల్లె, నువ్వు అడిగింది ఇదీ: బాబుకు 14 నెలలు. నీది నల్గొండ దగ్గర ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలిక కుటుంబం, మీ ఆయన వాళ్లది పాలమూరులో ఎంబీ, అంటే మెన్నోనైట్ బ్రెదరెన్ చర్చి. వచ్చే నెల పుట్టింటి చర్చిలో జ్ఞానస్నానం ఇప్పించాలని ఉంది, ఏమేం కావాలి? మీ అత్తమ్మేమో "పెద్దయ్యాక వాడే తీసుకుంటాడు, మనమెవరం ఇప్పించడానికి" అంటోంది, ఏం చెప్పాలి?

ఆరేళ్ల కింద నాదీ అచ్చం ఇదే కథ. మేం ముందు హాలు మాట్లాడి, కార్డులు కొట్టించి, ఆఖర్న ఫాదర్ గారిని కలిశాం. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. మా అమ్మవాళ్ల చర్చి ఫాదర్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "మీరుండేది మహబూబ్‌నగర్ కదమ్మా, అక్కడి విచారణ (పారిష్) గురువు ఉత్తరం ఏది?" అన్నారు. నా ముఖం చూడాలి అప్పుడు. చిన్నపిల్లల జ్ఞానస్నానం మామూలుగా తల్లిదండ్రులుండే విచారణలోనే జరగాలట. వేరేచోట కావాలంటే తగిన కారణం చెప్పి, సొంత విచారణ నుంచి ఉత్తరం తెచ్చుకోవాలి. నేనేమో పెళ్లయ్యాక పాలమూరులో చర్చి గడప తొక్కింది క్రిస్మస్‌కే.

దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులో తిరిగొచ్చేటప్పుడు దారంతా టెన్షనే. ఇక్కడి ఫాదర్ తిట్టలేదు. వరసగా కొన్ని ఆదివారాలు పూజకు రమ్మన్నారు, ఒక సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. నా జ్ఞానస్నాన సర్టిఫికెట్, బాబు బర్త్ సర్టిఫికెట్, జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్‌పేరెంట్స్) వివరాలు అడిగారు. ఇంతలో ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం (లెంట్) వచ్చేసింది. ఆ నలభై రోజుల్లో అత్యవసరమైతే తప్ప చాలా చర్చిల్లో జ్ఞానస్నానాలు పెట్టుకోరు. ఈస్టర్ తర్వాతి ఆదివారానికి జరిపాం. హాలు అడ్వాన్సు పోయింది. నీ తేదీ ఎప్పుడో క్యాలెండర్‌లో ఒకసారి చూసుకో.

మీ పెళ్లి ఎంబీ చర్చిలో, మన చర్చి అనుమతి లేకుండా జరిగి ఉంటే ఫాదర్ ఆ సంగతి కూడా ఎత్తుతారు. భయపడకు. దాన్ని సరిచేసుకునే దారి ఉంది, దాని కోసం బాబు జ్ఞానస్నానం ఆపరు. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు ఒప్పుకోవాలి, బిడ్డ ఈ విశ్వాసంలో పెరుగుతాడన్న నమ్మకం గురువుకు కలగాలి. 1983 నాటి చర్చి చట్టంలో ఉన్నది ఇంతే. ఒక్కరు చాలు కదా అని మీ ఆయనకు తెలియకుండా మాత్రం చేయించకు. మా సంగతి మాట్లాడినప్పుడు ఫాదర్ నన్ను కాదు, మావారిని అడిగారు: "బాబుకు ప్రార్థనలు ఎవరు నేర్పిస్తారు?" ఆయన కాసేపు నేల చూసి, "ఆమె నేర్పిస్తుంది ఫాదర్, నేను అడ్డం రాను" అన్నారు. ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది.

ఇక అత్తమ్మ. పాలమూరు, జడ్చర్ల, గద్వాల వైపు ఎంబీ వాళ్లకు బాప్తిస్మం అంటే తెలివి వచ్చాక తానే ఒప్పుకుని నీళ్లలో మునిగి తీసుకునేది. కాబట్టి ఆమె మొండితనం కాదది, ఆమె విశ్వాసం. అది తెలుసుకోకుండా నేను మొదట్లో "మా ఆచారం ఇంతే" అని వాదించాను. రెండు నెలలు మాటల్లేవు. తర్వాత మావారు ఫాదర్ చెప్పినదే ఆమెకు చెప్పారు: మీరు నీళ్లతో, తండ్రి కుమార పవిత్రాత్మ నామంలో తీసుకున్న బాప్తిస్మాన్ని కథోలిక చర్చి కూడా గుర్తిస్తుంది, మళ్లీ ఇవ్వదు, బాబు పెద్దయ్యాక భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) అప్పుడు తన నోటితో తానే విశ్వాసం చెప్పుకుంటాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. కానీ తేదీ మారిన 120 కార్డులూ ముందేసుకుని, నీలం పెన్నుతో పాత తేదీ కొట్టేసి కొత్తది రాసింది ఆమే. ఇంకోమాట కూడా దాచకు: జ్ఞానస్నానం ఒక్కసారే. రేపు బాబును మళ్లీ ముంచుతామంటే మన చర్చి ఒప్పుకోదు. అది ముందే చెప్పు.

జ్ఞానతండ్రి దగ్గర ఇంకో పొరపాటు. మా మరిదికి మాటిచ్చేశాను, పాపం కొత్త షర్టు కూడా కుట్టించుకున్నాడు. జ్ఞానతండ్రి అయినా జ్ఞానతల్లి అయినా కథోలికులై ఉండాలి, మామూలుగా 16 ఏళ్లు నిండాలి, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం తీసుకుని ఉండాలి, కన్న తల్లిదండ్రులు కాకూడదు. ఒక్కరున్నా సరిపోతుంది. వేరే చర్చిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు కథోలిక జ్ఞాన తల్లి లేదా తండ్రి పక్కన సాక్షిగా నిలబడొచ్చు. అలా మా తమ్ముడు జ్ఞానతండ్రి అయ్యాడు, మరిది అదే షర్టుతో సాక్షిగా నిలబడ్డాడు. బాబు మేనమామ కదా అని తమ్ముణ్ణే ముందు అడిగి ఉంటే సరిపోయేది.

బట్టల గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మెడదాకా మూసుకునే, వెనక జిప్పున్న నెట్ బట్టలు కొనకు. పరిశుద్ధ తైలం పిల్లాడి రొమ్ము మీద రాస్తారు. మావాడు ఆ ఎండకు చెమటతో తడిసి ముద్దయ్యాడు, జిప్పు ఇరుక్కుంది, ఫాదర్ వేలికి నూనె అద్దుకుని అలాగే ఆగిపోయారు. మా తమ్ముడు పంటితో లాగితే వచ్చింది. ముందు బొత్తాలుండే పలుచని నూలు బట్ట తీసుకో. ఆ తర్వాత తల మీద మూడుసార్లు నీళ్లు, నడినెత్తిన క్రిస్మ తైలం, తెల్లబట్ట, చర్చిలోని పెద్ద పాస్కా కొవ్వొత్తి నుంచి వెలిగించిన చిన్న కొవ్వొత్తి. ఆ కొవ్వొత్తి పెద్దవాళ్లే పట్టుకోవాలి, మావాడు మంటకు చెయ్యి చాపాడు.

ఖర్చంటావా, చర్చిలో ఇచ్చేది కానుకే, లేనివాళ్లను ఆపరు. మాకు ఖర్చయిందంతా బగార అన్నం, మటన్ దావత్‌కే.

పూజ అయ్యాక అందరూ ఫొటోల మీద పడతారు. నువ్వు ఆఫీసు గదికి వెళ్లి రిజిస్టర్‌లో పేర్లు చూసుకో. మొదటి సత్ప్రసాదానికి, రేపు వాడి పెళ్లికి అడిగేది ఆ రాతనే. బడిలో పుట్టిన తేదీకి మాత్రం బర్త్ సర్టిఫికెటే చూపించు. మా దాంట్లో మావారి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది, సంతకాలు కాకముందే చూశాను కాబట్టి అక్కడికక్కడే దిద్దారు.