పాత పుస్తకాలకు బైండింగ్ చేయించే ముందు పెట్టెలు చేయించండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: పూర్వ విద్యార్థులు కలిసి కొంత డబ్బు పోగుచేశారు. మీరు చదువుకున్న విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకాలు ముట్టుకుంటే పొడిగా రాలిపోతున్నాయి. వాటన్నిటికీ గట్టి బైండింగ్ చేయించాలని మీ కోరిక. వీలైతే మీలో కొందరు ఆ పని నేర్చుకుని సెలవుల్లో వచ్చి చేయాలనీ అనుకుంటున్నారు.

దయచేసి ఆ డబ్బును బైండింగ్ మీద పెట్టకండి. కనీసం మొదటి ఏడాది పెట్టకండి. నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాల మరమ్మతు విభాగంలో చాలాకాలం పనిచేశాను. ఢిల్లీలో పాత ప్రభుత్వ రికార్డులను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్ వారు నడిపే స్వల్పకాలిక శిక్షణ కూడా తీసుకున్నాను. పుస్తకాలను చెదలు తినడం చూశాను, వాన నీటిలో నానడం చూశాను. కానీ సదుద్దేశంతో చేయించిన బైండింగ్ వల్ల పాడైనన్ని పుస్తకాలు ఆ రెండింటి వల్లా పాడవడం నేను చూడలేదు.

బైండర్లను తప్పుపట్టడం లేదు. తప్పు పని అప్పగించే పద్ధతిలో ఉంది. చాలా గ్రంథాలయాల్లో ఒకప్పుడు సొంత బైండరు పోస్టు ఉండేది. ఆయన పదవీ విరమణ చేశాక ఆ ఖాళీ నిండలేదు. ఇప్పుడు పని కొటేషన్ల మీద బయటికి వెళుతుంది, పుస్తకానికి ఇంత అని. ఎవరు తక్కువ రాస్తే వారికే. ఆ రేటు గిట్టాలంటే పాత కుట్టు విప్పి, ఫారాలను, అంటే మడిచిన పేజీల కట్టలను, ఒక్కొక్కటిగా సరిచేసి, మడత మధ్యలో మళ్లీ కుట్టే తీరిక ఎవరికి ఉంటుంది? కట్ట మొత్తాన్ని బిగించి, వెన్నుకు అర అంగుళం ఇవతల దబ్బనంతో పొడిచి పక్క కుట్టు వేస్తారు. మూడు వైపులా కటింగ్ మిషను కింద సాపు చేస్తారు. అట్టలు అంటించి, రెక్సిన్ తొడిగి, వెన్ను మీద బంగారు రంగు అక్షరాలు కొడతారు. బీరువాలో వరుసగా పేర్చితే కళకళలాడుతుంది, ఫొటో కూడా బాగా వస్తుంది. పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చూపించుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి!

అసలు కష్టం చదివేవాడు పుస్తకం తెరిచినప్పుడు మొదలవుతుంది. పక్క కుట్టు పడిన పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. లోపలి మార్జిన్ కుట్టులో ఇరుక్కుంటుంది. చదవడానికి అరచేత్తో నొక్కుతారు. కొత్త కాగితమైతే వంగి ఊరుకుంటుంది. పెళుసుబారిన కాగితం ఆ కుట్టు గీత వెంబడే పుటుక్కున విరుగుతుంది. పది మంది చదివేసరికి అందమైన రెక్సిన్ అట్టల మధ్య విడి కాగితాలు మిగులుతాయి.

ఒకసారి మా దగ్గరికి 1930ల నాటి మాసపత్రిక సంపుటాలు వచ్చాయి. ఎప్పుడో ఎవరో చక్కగా బైండు చేయించారు. చేసిన మనిషి ప్రతి సంచిక ముఖచిత్రాన్నీ, ముందూ వెనకా ఉన్న ప్రకటనల పేజీలనూ పనికిరానివని తీసి పారేశాడు. నెల పేరు, వెల, ముద్రణాలయం పేరు అన్నీ ఆ ముఖచిత్రం మీదే ఉండేవి. ఒక పరిశోధకురాలు తనకు కావలసిన వ్యాసం ఏ నెలలో వచ్చిందో తేల్చుకోలేక వేరే ఊరి గ్రంథాలయానికి వెళ్లాల్సి వచ్చింది. పాత తెలుగు పుస్తకాల చివరి అట్ట మీద ఆ ప్రచురణకర్త మిగతా పుస్తకాల జాబితా ఉంటుంది చూశారా, సాహిత్య చరిత్ర రాసేవారికి ఒక్కోసారి లోపలి కథ కంటే అదే ముఖ్యం.

కాగితం ఎందుకు రాలుతోందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. పాత గుడ్డపీలికల గుజ్జుతో చేసిన కాగితం ఇప్పటికీ మెత్తగా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి కలప గుజ్జు వచ్చింది. సిరా పాకకుండా ఉండేందుకు కాగితానికి రోజిన్ (దేవదారు జాతి చెట్ల బంక), పటిక పట్టించేవారు. ఆ పటిక తేమతో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. కాగితానికి బలమిచ్చే సెల్యులోజ్ పోగులను ఆ ఆమ్లం లోపలినుంచే ముక్కలు చేస్తుంది. అందుకే 1860లో అచ్చయిన పుస్తకం నిక్షేపంగా ఉంటే, దాని పక్కనే ఉన్న 1943 నాటి నవల అప్పడంలా విరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాగితానికి కరువు వచ్చి, దొరికిన నాసిరకం కాగితం మీదే అచ్చు వేశారు. వయసు చూసి ఏది ముందు కాపాడాలో నిర్ణయించకూడదని చెప్పడానికే ఇదంతా.

ఇలాంటి కాగితాన్ని కుట్టినా అంటించినా ఆమ్లం పని ఆగదు. పుస్తకాన్ని విప్పి ఒక్కో కాగితాన్నీ సున్నపు తేటతోనో, కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్ ద్రావణంతోనో కడిగితే ఆమ్లం విరుగుతుంది. అది నిపుణుల పని. ముందు ప్రతి రంగునూ పరీక్షించాలి. గ్రంథాలయం ఊదా ముద్ర, ఎవరో ఎర్ర సిరాతో గీసిన గీత, దాత సంతకం, ఇవన్నీ నీటిలో కరిగి పక్క పేజీకి పాకగలవు. మీ గ్రంథాలయంలో వేల పుస్తకాలు ఉంటే ఇలా కడగగలిగేవి ఏడాదికి పదుల్లోనే ఉంటాయి. మిగతావాటి సంగతి?

మిగతావాటికి పెట్టెలు. ఆమ్లం లేని అట్టతో పుస్తకం కొలతకు సరిపోయేలా చేసిన పెట్టె, లేదా నాలుగు రెక్కలు మడిచి నూలు నాడాతో కట్టే తొడుగు. దుమ్ము, వెలుతురు లోపలికి రావు, తేమ హెచ్చుతగ్గులు నెమ్మదిస్తాయి. ఊడిన అట్ట, రాలిన ముక్క పుస్తకంతోనే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, పుస్తకానికి మనం ఏ హానీ చేయం. ఇంకో ఇరవై ఏళ్లకు మెరుగైన పద్ధతి వస్తే పెట్టె తీసి ఆ పద్ధతి వాడుకోవచ్చు. మన పెద్దలు తాళపత్రాలను చెక్కల మధ్య పెట్టి, గట్టిగా తాడు చుట్టి, గుడ్డలో మూటకట్టింది కూడా ఇందుకే. ఎర్ర గుడ్డకు పురుగు పట్టదని అంటారు కానీ, నా ఉద్దేశంలో ఆ పుణ్యం రంగుది కాదు, బిగించి కట్టడానిది.

తిరిగి తీయలేని పని చేయకూడదనే ఈ నియమాన్ని మన దేశం కాస్త ఖర్చు పెట్టే నేర్చుకుంది. 1950ల్లో నేషనల్ ఆర్కైవ్స్‌లోనే ఒక పద్ధతి రూపొందించారు. పెళుసు కాగితానికి రెండు పక్కలా సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ పొర, దానిపై పలుచని టిష్యూ పెట్టి, ఆ పొరను కరిగించే ఎసిటోన్‌తో అద్ది అతికించేవారు. కరెంటూ పెద్ద యంత్రాలూ అక్కర్లేదు కాబట్టి ఆ రోజులకు అది గొప్ప ఉపాయమే. కానీ ఎసిటేట్ పాతబడితే దానిలోంచే ఆమ్లం వస్తుంది. అలా లామినేషన్ చేసిన పత్రాలను నేను ఎసిటోన్‌లో ముంచి విప్పాను. తలనొప్పి వచ్చే పని. ఇప్పుడు ఎవరైనా 'లామినేషన్ చేయిస్తాం' అని మీ దగ్గరికి వస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపేయండి. సెల్లో టేపుకూ ఫెవికాల్‌కూ అదే మాట. ఎండాక అవి వెనక్కి రావు.

జిగురు విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీరే పని నేర్చుకుంటామన్నారు. మన బైండర్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. మామూలు పాఠ్యపుస్తకానికి ఫరవాలేదు. పాత కాగితానికి మాత్రం అందులోని రాగి విషమే, అది కాగితం కుళ్లడాన్ని ఇంకా తొందర చేస్తుంది. మరమ్మతుకు వాడేది గోధుమ పిండిలోని బంక తీసేయగా మిగిలిన గంజిపదార్థం మాత్రమే. మాడుగుల హల్వాకు గోధుమ పాలు తీసినట్లే తీసి, అడుగున పేరుకున్న తెల్లని ముద్దను నీటిలో ఉడికించి వడగడతారు. చినిగిన చోట మల్బరీ జాతి చెట్టు నారతో చేసే జపాన్ కోజో కాగితం పీలికను ఈ జిగురుతో అతికిస్తారు. తడి చేస్తే మళ్లీ ఊడి వస్తుంది. ఆ కాగితం ఖరీదైనది, దిగుమతి చేసుకోవాలి. మీ డబ్బు అటువంటి వాటికి పెడితే సార్థకం.

ఎ.సి. కొనిస్తామనే దాతలూ ఉంటారు. పొద్దున పదింటికి వేసి సాయంత్రం ఐదింటికి ఆపేసే ఎ.సి. కంటే, గాలి ఆడే గదిలో నిదానంగా తిరిగే ఫ్యానే నయం. రాత్రంతా ఉక్కపోత, పగలంతా చలి, ఈ ఊగిసలాట కాగితాన్నీ అట్టలనూ రోజూ సాగదీస్తుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే బూజు వస్తుంది. కోస్తా జిల్లాల్లో అది మామూలే. ముందు ఉష్ణోగ్రత, తేమ నమోదు చేసే చిన్న పరికరం ఒకటి కొనిచ్చి ఏడాది అంకెలు చూడండి. బీరువాలను గోడకు ఆనించకుండా జరపడం ఉచితం. నాఫ్తలీన్ ఉండలు మాత్రం వద్దు, అక్కడ పనిచేసే మనుషుల ఊపిరి గురించి ఆలోచించండి. పురుగు పట్టిన పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు, చెమ్మ పడుతుంది.

ఫ్రీజర్ అన్నాను కాబట్టి ఇంకో మాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణం ఎంత దెబ్బతిన్నదో మీకు తెలుసు. పుస్తకాలు తడిస్తే రెండు మూడు రోజుల్లో బూజు మొదలవుతుంది. ఎండలో పరిస్తే కాగితం వంకర్లు పోతుంది, నున్నని ఆర్ట్ పేపరైతే పేజీలన్నీ ఒకే దిమ్మగా అతుక్కుంటాయి. వెంటనే గడ్డకట్టించగలిగితే తీరిగ్గా కొన్ని కొన్నిగా ఆరబెట్టుకోవచ్చు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఇందుకు పనికిరావు, అక్కడ చల్లదనమే గానీ గడ్డకట్టదు. రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంట్లలోని శీతల గదులు పనికొస్తాయి. మీ పూర్వ విద్యార్థుల్లో ఆ వ్యాపారంలో ఉన్నవారు ఒక్కరైనా ఉండకపోరు. ఆయనతో గ్రంథాలయానికి ఇప్పుడే ఒక రాతపూర్వక ఒప్పందం చేయించండి. రూపాయి ఖర్చు లేని సాయం.

ఇక డబ్బు ఇచ్చే తీరు. విశ్వవిద్యాలయ సాధారణ ఖాతాలో వేస్తే అది ఏ కుర్చీలకు పోతుందో చెప్పలేం. ఫలానా అరుదైన పుస్తకాల సంరక్షణకు, ఫలానా వస్తువులకు, ఫలానా వ్యక్తి జీతానికి అని ఉత్తరంలో రాసి, దానికి జవాబు తీసుకున్నాకే ఇవ్వండి. సగానికి పైగా జీతానికే కేటాయించండి. శిక్షణ ఉన్న ఒక్క మనిషి రెండేళ్లు కూర్చుని చేసే పనిని ఎంత ఖరీదైన స్కానరూ చేయలేదు. అరుదైన పుస్తకాలు గ్రంథాలయం గడప దాటకూడదని చాలాచోట్ల నియమం ఉంటుంది, అది మంచి నియమం. కాబట్టి పనివారే లోపలికి రావాలి. స్కానింగ్ తప్పకుండా చేయించండి, కానీ పుస్తకం వెన్ను కోసి, పేజీలు విడదీసి చేస్తామనే వారికి మాత్రం అప్పగించకండి.

మీరు స్వయంగా చేయగలిగినదీ చాలా ఉంది. ముందు జాబితా: పుస్తకం పేరు, అచ్చయిన సంవత్సరం, అట్ట ఉందా, కుట్టు ఉందా, కాగితం మూల మడిస్తే విరుగుతుందా, మన రాష్ట్రాల్లో ఇంకెక్కడైనా ప్రతి ఉందా. ఈ చివరి గడి నింపడానికే నెలలు పడుతుంది, పెట్టెలు దేనికి ముందో తేల్చేదీ అదే. కాగితం మూల మడిచే పరీక్షను రాతలేని చోట, చివరి ఖాళీ పేజీ మీద, గ్రంథాలయం వారు ఒప్పుకుంటేనే చేయండి. తర్వాత మెత్తని కుంచెతో దుమ్ము దులపడం, వెన్ను నుంచి బయటి అంచు వైపుకు. మాస్కు లేకుండా బూజు జోలికి వెళ్లకండి.

కుట్టు నేర్చుకోవాలని నిజంగా ఆసక్తి ఉంటే, హైదరాబాదులో ఉన్నవారు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని వాటిమీద చేయి తిప్పుకోండి. విప్పండి, మళ్లీ కుట్టండి. ఆ సాధనను గ్రంథాలయం పుస్తకాల మీద మాత్రం చేయకండి. అక్కడ మీ చేతికి తగిన పని పెట్టెలు చేయడం, ఎందుకంటే కత్తి అట్ట మీద నడుస్తుంది గానీ పుస్తకం మీద నడవదు. కొలత తీసేటప్పుడు మందాన్ని వెన్ను దగ్గర ఒకసారి, బయటి అంచు దగ్గర ఒకసారి తీసుకోండి. పాత పుస్తకాల్లో ఈ రెండూ ఒకటిగా ఉండటం అరుదు, పెద్ద కొలతనే లెక్కలోకి తీసుకుని అట్ట మందం కూడా కలపాలి.