గొడ్డలి కంటే ముందు గడ్డపార పట్టు

చి. అమ్మాయికి పెద్దనాయన దీవెనలు.

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. చెరువు పక్క బీడులో సర్కారు తుమ్మ కంప మొత్తం లేపేయడానికి ఊళ్ళో నలభై మంది పిల్లోళ్ళు ఒప్పుకున్నారని, ఆదివారానికి జేసీబీ కూడా మాట్లాడానని నువ్వు చెబుతుంటే నాకు కడుపు నిండినట్టయింది. ఈ కంప గురించి పట్టించుకునే సర్పంచి మన ఊరికి వస్తుందని నేను అనుకోలేదు. అయినా ఒక మాట చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. ఆదివారం పని ఆపు. జేసీబీకి ఇచ్చిన అడ్వాన్సు పోతే పోనీ. అరవై ఎకరాలు ఒక్క రోజులో శుభ్రం చేస్తే, రెండేళ్ళలో ఇప్పటికంటే చిక్కటి కంప చూస్తావు. ఇది నేను చేసి, చూసి చెబుతున్న మాట.

నీకు ఏడెనిమిదేళ్ళప్పుడు గుట్ట కింద మన నాలుగెకరాల బీడులో నేనూ మీ నాయనా కంప కొట్టించాం. బొగ్గుల బట్టీ పెట్టుకునే ఒకాయన వచ్చి, కూలి ఏమీ ఇవ్వక్కర్లేదు, కట్టె తీసుకొని పోతానన్నాడు. మేం సరే అన్నాం. మోకాటి ఎత్తున నరికి కట్టె తోలుకుపోయాడు. నెల రోజులు ఆ బీడును చూసి మురిసిపోయాం. వానలు పడ్డాక చూస్తే ఒక్కో మోడు చుట్టూ పది, పన్నెండు చిగుళ్ళు. ఒక్క మానుగా ఉన్నది గుబురైంది. అంతకుముందు మేకలైనా కొమ్మల కింద దూరి పోయేవి. మూడో ఏటికి కుక్క కూడా దూరలేని కంచె అయిపోయింది. ఆ బీడు మళ్ళీ మేతకు రావడానికి మాకు తొమ్మిదేళ్ళు పట్టింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ చెట్టు ప్రాణం కాండంలో లేదు. నేలకు జానెడు లోపల, వేరూ కాండమూ కలిసే చోట ఒక బుడిపె ఉంటుంది. నరికాక వచ్చే చిగుళ్ళు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. పైన ఎన్నిసార్లు నరికినా, తగలబెట్టినా అది పట్టించుకోదు. ఆ బుడిపె కింద వేరు తెగితేనే చెట్టు చస్తుంది. గొడ్డలి కంటే ముందు గడ్డపార పట్టమని నేను అనేది అందుకే.

దీని పుట్టుక కూడా తెలుసుకో, ఊళ్ళో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. సర్కారు తుమ్మ మన నేలది కాదు. మెక్సికో, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తరపు వైపు దీని సొంత ఊళ్ళు. 1877లో మన కడప జిల్లాలోనే, కమలాపురంలో దీన్ని నాటారు. దేశంలో మొట్టమొదట నాటిన చోట్లలో అదొకటి. కరువు నేలకు పచ్చదనం వస్తుంది, జనానికి వంటచెరకు దొరుకుతుంది అనుకున్నారు. తెచ్చినవాళ్ళు చెడు తలచి తేలేదు. గుజరాత్‌లో కచ్ వైపు బన్నీ అని పెద్ద పచ్చికబయలు ఉంది, మాల్ధారీలనే పశువుల కాపరులు గేదెలను మేపుకునే చోటు. అక్కడ ఉప్పునేల ముందుకు రాకుండా ఆపాలని 1960ల మొదట్లో అటవీశాఖే దీన్ని నాటింది. ఇప్పుడా పచ్చికబయలులో చాలా భాగం కంపే. మన బీడు కథ కూడా అదే, కాకపోతే చిన్నది.

ఎందుకంత తొందరగా ఆక్రమిస్తుందంటే, దీని ఆకు మేక కూడా ముట్టదు. పక్కన మొలిచిన రేగు, బలుసు, గడ్డి అన్నిటినీ గొడ్లు కొరికేస్తాయి, దీన్ని వదిలేస్తాయి. కాయ మాత్రం తియ్యగా ఉంటుంది, గొడ్లు, గొర్రెలు, మేకలు ఎగబడి తింటాయి. కాయలో పది, ఇరవై గింజలు. గట్టి తోలు ఉన్న గింజ కాబట్టి కడుపులో అరగదు. పేడలో, పెంటికల్లో బయటపడి, ఎరువు తోడుగా మొలుస్తుంది. వానలు పడిన పది రోజులకు బీడులోకి పోయి ఎండిన పేడకడి ఒకటి తిప్పి చూడు. గుప్పెడు మొలకలు ఒకేచోట లేచి ఉంటాయి. నీకు అసలు శత్రువు పెద్ద మాను కాదని అప్పుడు అర్థమవుతుంది.

ఇక పని సంగతి. మొదటి రోజు ఎవరి చేతికీ కత్తి ఇవ్వొద్దు. పిల్లోళ్ళందరినీ బీడులో నడిపించి చెట్లు గుర్తుపట్టడం నేర్పించు. మన నల్లతుమ్మనూ, దసరాకు పూజ చేసే జమ్మినీ కంప అనుకొని నరికేస్తారు. ఇది ఊరికే అనడం లేదు. పక్క ఊళ్ళో ఎనభై ఏళ్ళ జమ్మిచెట్టు అట్లాగే పోయింది. సర్కారు తుమ్మకు ఆకు మొదట్లో జంటముళ్ళు ఉంటాయి. పువ్వు వేలెడు పొడవు కంకి, కాయ జానెడు పొడవున లేత పసుపు. నల్లతుమ్మ పువ్వు పసుపు రంగు గుండ్రటి బంతి, కాయ గింజకూ గింజకూ మధ్య నొక్కినట్టు సన్నబడి పూసలదండలా ఉంటుంది. జమ్మి ముల్లు పొట్టిది, గులాబీ ముల్లు లాంటిది, కొమ్మ పొడవునా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. ఉంచాల్సిన ప్రతి చెట్టుకూ ఎర్రగుడ్డ కట్టించు. పిట్టగూడు ఉన్న చెట్టు కంపే అయినా దానికీ గుడ్డ కట్టించు. పిల్లలు ఎగిరిపోయాక చూసుకోవచ్చు.

అందరూ చిక్కగా ఉన్న చోట మొదలుపెడతారు, అక్కడ కొడితే పని కనబడుతుంది కాబట్టి. నువ్వు పలచగా ఉన్న చోట మొదలుపెట్టు. గుట్ట వైపు గడ్డి ఇంకా మిగిలి, అక్కడొకటి ఇక్కడొకటి కంప మొలిచిన ముక్క ఉంది కదా, అదీ నీ మొదటి చోటు. పదిమంది రెండు రోజుల్లో చేసేయొచ్చు. గడ్డి తన చోటు తాను మళ్ళీ పట్టుకుంటుంది. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా చిక్కటి వైపు జరుగు. ఈ ఏడాది అయిదెకరాలు చాలు. వచ్చే ఏడాది ఆ అయిదూ మళ్ళీ తిరిగి చూసే ఓపిక ఉంటేనే ఆరో ఎకరం ముట్టుకో.

ఒక చెట్టు ఎట్లా తియ్యాలో చెబుతా. ముందు మచ్చుకత్తితో పక్కకొమ్మలు కొట్టి దూరంగా లాగెయ్యాలి. నడుమెత్తు కాండం మాత్రం నరకకుండా ఉంచాలి, తర్వాత అదే పిడిలా పనికొస్తుంది. చుట్టూ మూరెడు వెడల్పున మట్టి తవ్వాలి. జానెడు లోతు పోయేసరికి బుడిపె కనబడుతుంది, చుట్టూ కొత్త చిగుళ్ళు రావడానికి సిద్ధంగా గుండుసూది తలల్లాంటి మొగ్గలు. ఇంకో బెత్తెడు కిందికి పోయి పక్కవేర్లు గొడ్డలితో తెంపి, నడిమి వేరును గడ్డపార మొనతో దెబ్బ మీద దెబ్బ వేసి తెంపాలి. ఇద్దరు ఆ నడుమెత్తు కాండం పట్టుకొని అటూ ఇటూ ఊపితే ఊడి వస్తుంది. వచ్చాక దాన్ని తలకిందులుగా, వేర్లు ఎండకు పెట్టి పడుకోబెట్టు. మట్టి తగిలితే మళ్ళీ పట్టుకుంటుందేమోనన్న భయం ఉండదు. గుంట వెంటనే పూడ్చాలి, గొడ్లు కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి. మంచి వాన పడిన మూడో రోజు నుంచి ఈ పని చేస్తే నేల మెత్తగా ఉండి సగం కష్టం తగ్గుతుంది. ఎండాకాలంలో ఇదే చెట్టుకు ఒక పూట పడుతుంది.

చేతి ఎత్తు మొలకలను వానలో చేత్తోనే లాగేయొచ్చు. బడిపిల్లలతోనూ చేయించొచ్చు. ఒక్క వానాకాలం దాటితే మాత్రం చేత్తో రాదు, పైన జానెడు కనబడే మొక్కకు కింద దానికి ఎన్నో రెట్లు వేరు దిగి ఉంటుంది.

జేసీబీ అసలే వద్దని నేను అనను. బాగా ముదిరిన మాన్లకు అది కావాలి. కానీ బీడంతా దున్నినట్టు తిప్పితే పై మట్టిలో ఏళ్ళ తరబడి పడుకున్న గింజలన్నీ లేస్తాయి. వాటితోపాటు వయ్యారిభామ కలుపు కూడా లేస్తుంది, అది ఇంకో తలనొప్పి. చెరువుకట్ట మీద మాత్రం జేసీబీని ఎక్కించనే వద్దు. కట్టలో దిగిన వేరును పెకిలిస్తే ఆ కన్నంలోంచి నీళ్ళు దారి చూసుకుంటాయి. కట్ట మీది చెట్లను నేల మట్టానికి కోసి, చిగురు వచ్చినప్పుడల్లా నెలకోసారి గీకేయించు. రెండు మూడేళ్ళు పడుతుంది. తీరిగ్గా చేసినా కట్ట నిలవాలి. కంపకు కలుపుమందు కొట్టే ఆలోచన ఎవరైనా చెబితే ఒప్పుకోకు, ఆ చెరువులో గొడ్లు నీళ్ళు తాగుతాయి, మనుషులు చేపలు పట్టుకుంటారు.

పిల్లోళ్ళకు చెప్పులు సరిపోవు. ఈ ముల్లు చెప్పు అడుగును చీల్చుకొని వస్తుంది, లోపల విరిగితే కాలు వాచి పది రోజులు మంచం పట్టిస్తుంది. గట్టి బూట్లు, చేతులకు తోలు గ్లౌజులు, ఊరి నర్సమ్మ చేత ముందే అందరికీ ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్.

మేకలోళ్ళతో మాట్లాడకుండా ఈ పని నిలవదు. కంప తీసిన అయిదెకరాల్లోకి, కాయలు తిన్న మంద మరుసటి రోజే వస్తే నువ్వు పడిన కష్టమంతా వాళ్ళ పెంటికల్లో మళ్ళీ మొలుస్తుంది. కాయలు పండే రోజుల్లో మందను వారం రోజులు దొడ్లో కట్టి మేపి, ఆ తర్వాతే ఆ ముక్కలోకి వదలమని అడుగు. ఆ దొడ్డి ఎరువును పొలానికి తోలినా అక్కడ లేచే మొలకలు పీకెయ్యాలి. రాలిన కాయలు ఏరి పిండి పట్టిస్తే గింజ నలిగిపోతుంది, అది దాణాలో కొంచెం కొంచెం కలుపుకోవచ్చు. ఈ పని ఆడవాళ్ళ సంఘానికి అప్పజెప్పి, ఏరిన కాయలకు కిలో లెక్కన డబ్బు ఇస్తే బీడులో ఒక్క కాయ మిగలదు.

ఇంకొకటి. ఊళ్ళో నాలుగిళ్ళవాళ్ళు ఈ కట్టె మీదే బతుకుతున్నారు. ఒకరు బొగ్గులు కాలుస్తారు, ఇంకొకరు మోపులు అమ్ముతారు. మొన్నటిదాకా నీ చిన్నమ్మ పొయ్యి కూడా ఈ కంపతోనే మండింది. నలభై మంది పిల్లోళ్ళు పోయి ఒక్క రోజులో అంతా తీసేస్తే, ఊరికి మంచి జరిగిందని వాళ్ళు ఎట్లా అనుకుంటారు? ముందు వాళ్ళింటికి పో. కట్టె వాళ్ళకే ఇస్తామని, వేరుతో సహా తీస్తే కూలి కూడా ఇస్తామని చెప్పు. ఉపాధి పనుల్లో పెట్టించే వీలుందేమో మండలంలో అడుగు. ఆ బీడు రికార్డుల్లో ఎవరి కింద ఉందో, ఎవరి అనుమతి కావాలో చూసుకొని, పంచాయతీ తీర్మానం చేశాకే పని మొదలుపెట్టు. కత్తి పట్టడంలో వాళ్ళకున్న నేర్పు కాలేజీ పిల్లోళ్ళకు రాదు. వాళ్ళనే మేస్త్రీలుగా పెట్టుకో.

తీసిన చోట మొక్కలు నాటిస్తానన్నావు. నాకు దిగులు పట్టుకున్నది ఆ మాట దగ్గరే. అది గడ్డినేల, అమ్మా. పచ్చదనమంటే చెట్లేనని అందరూ అనుకుంటారు. అదే ఆలోచనతో కదా ఈ కంప వచ్చింది. తెలంగాణలో కోనోకార్పస్ అనే పరాయి చెట్టును రోడ్ల వెంట వరసగా నాటి, తర్వాత వద్దనుకున్న సంగతి నువ్వే చెప్పావు నాకు. మన బీడుకు చెంగలి గడ్డి, అంజన్ గడ్డి విత్తనం కావాలి. గుట్ట మీద గడ్డి గింజ పట్టినప్పుడు కోయించి, తొలకరి ముందు చల్లించు. గట్ల వెంట నాలుగు రేగు, నాలుగు బలుసు, దూరదూరంగా జమ్మి. అంతకుమించి ఏదీ వద్దు. మొదటి ఏడాది గొడ్లను తోలకుండా ఆపగలిగితే గడ్డి నిలబడుతుంది, నిలబడిన గడ్డి కింద కంప మొలక తొందరగా పైకి రాదు.

నా చిన్నప్పుడు ఆ బీడులో నిలబడితే ఆ కొస నుంచి ఈ కొసకు జింకలు గెంతుతూ పోవడం కనబడేది. ఆ నల్లటి మగజింక తల ఎత్తి మన వైపు చూసి, మనం కదిలితేనే కదిలేది. కముజు పిట్టలు గుంపులుగా లేచేవి. దూరం దాకా కనబడితేనే ఆ జీవాలకు ధైర్యం. పరుగే వాటికి రక్ష. కంప కమ్మేశాక జింకలు రావడం మానేశాయి, ఆ గుబురులో అడవిపందులు కాపురం పెట్టాయి, రాత్రయితే వేరుశనగ చేలు తవ్వేస్తున్నాయి. కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. నేను వయసులో ఉన్నప్పుడు ఒకసారి చూశాను దాన్ని, మనిషి నడుము దాటిన ఎత్తు. బోడినేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. చుట్టూ చూపు ఆనకపోతే అక్కడ ఉండదు. ఇప్పుడు అక్కడ కూడా అది కనబడడం లేదు. దానికి పొలాలు, కాలువలు, వేట, ఇంకా చాలా కారణాలున్నాయి, తుమ్మ ఒక్కదాని మీదే నింద వెయ్యను. కానీ మన బీడులో జింకను మాత్రం ఈ కంపే తరిమింది. అది నేను కళ్ళారా చూశాను.

అయిదేళ్ళ పని ఇది. నీ పదవి కూడా అయిదేళ్ళే. ప్రతి వానాకాలం రెండుసార్లు, తొలకరి తర్వాత ఒకసారి, దసరా ముందు ఒకసారి, తీసిన ముక్కంతా తిప్పి మొలకలు పీకించాలి. తేదీలు తీర్మానం పుస్తకంలో రాయించు, నీ తర్వాత వచ్చేవాళ్ళకు కూడా తెలుస్తుంది.

మొదటి వాన పడగానే ఫోన్ చెయ్యి, బస్సెక్కి వస్తాను. మొదటి చెట్టు ఎట్లా తియ్యాలో నేను దగ్గరుండి చూపిస్తా. ఈలోగా పశువుల కొట్టంలో మూలన ఉన్న నా పాత గడ్డపార బయటికి తీయించు. మొన అరిగిపోయి ఉంటుంది, కమ్మరి దగ్గరకు పంపి సాగగొట్టించి పెట్టు.

ఇట్లు,
మీ పెద్దనాయన