మచ్చల కలబంద అసలు ఎక్కడిది? మామూలు కలబందకీ దానికీ తేడా ఏంటి?

ఆకుల మీద మచ్చలుంటే చాలు మచ్చల కలబంద అనుకోకండి, మన ఇళ్లలో ఉండే మామూలు కలబంద పిలకలకి కూడా చిన్నప్పుడు తెల్ల మచ్చలుంటాయి, పెరిగేకొద్దీ చాలావరకు పోతాయి. మీరడిగిన మచ్చల కలబందకి (శాస్త్రీయ నామం 'ఆలో మాక్యులేటా') మాత్రం ముదిరాక కూడా ఉంటాయి.

దీని సొంతూరు ఆఫ్రికా ఖండం దక్షిణ భాగం. దక్షిణాఫ్రికా దేశంలో కేప్ ద్వీపకల్పం నుంచి తూర్పు తీరం వెంబడి క్వాజులు-నాటాల్ దాకా, లెసోతో, ఎస్వాటినీల్లో, ఇంకా పైన జింబాబ్వే తూర్పు కొండల్లో కూడా పెరుగుతుంది. రాతినేల, గడ్డి మైదానం, పొదల మధ్య, సముద్రపు ఒడ్డు, ఎక్కడైనా సర్దుకుపోతుంది, అందుకే ఒక చోట మొక్కకీ ఇంకో చోట మొక్కకీ ఆకు పొడవు, రంగు బాగా మారిపోయి గుర్తుపట్టడం తలనొప్పి అవుతుంది. పైగా దగ్గరి జాతులతో తేలిగ్గా సంకరమవుతుంది కూడా.

నమ్మదగ్గ గుర్తు పువ్వే. కొమ్మలేసిన కాడ చివర పూలన్నీ గొడుగులా పైన చదునుగా గుత్తి కడతాయి, రంగు పసుపు నుంచి ఎరుపు దాకా ఏదైనా కావచ్చు. ఒక్కో పువ్వు గొట్టంలా ఉండి, అడుగున అండాశయం చుట్టూ ఉబ్బి, దానిపైన సన్నగా నొక్కుకుపోయి ఉంటుంది. మామూలు కలబంద పూలు ఇలా కాదు, పొడవాటి కంకిలా వస్తాయి. తేనె కోసం తేనెపిట్టలు వాలతాయి.

మచ్చల కలబంద ఆకు రసాన్ని నీళ్లలో కలిపితే సబ్బులా నురగ వస్తుంది, పాత పేరు 'ఆలో సపోనేరియా' (అంటే సబ్బు కలబంద) అందుకే. ముఖానికి మాత్రం రాయకండి, కొందరికి దురద పెడుతుంది.